దవడలోని దారి

దంత వైద్య కళాశాల మొదటి అంతస్తు చివర, మెట్ల పక్కన ఉన్న ఎముకల గది తలుపు మీద ఆయన పేరు ఎవరూ రాయలేదు గానీ, ఆ గది ఆయనదే. హాజరు పట్టీలో ఆయన అటెండరు. విద్యార్థుల నోట్లో దవడల బాబాయ్. ప్రొఫెసర్లు వచ్చారు, పోయారు, ఒకరిద్దరు కుర్చీ వేడెక్కక ముందే బదిలీ అయిపోయారు. బాబాయ్ మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే కిటికీ పక్కన, అదే స్టూలు మీద కూర్చుని మనుషుల దవడ ఎముకలు శుభ్రం చేస్తూనే ఉన్నాడు. ఆ స్టూలుకి రెండుసార్లు కాళ్ళు మార్చారు. ఆయనవి మాత్రం పాత కాళ్ళే.

గదిలో డెబ్బై రెండు కింది దవడలు ఉండేవి. ఒక్కొక్కటీ దూది పరిచిన చెక్క ట్రేలో, అడుగున నల్ల సిరాతో వేసిన నంబరుతో ఉండేది. సబ్బు నీళ్ళలో నానబెట్టడం, మెత్తటి బ్రష్షుతో తోమడం, నీడలో ఆరబెట్టడం, ఇదంతా ఆయన పసిపిల్లకి స్నానం చేయించినంత ఓపికగా చేసేవాడు. ఏ దవడనీ ఒంటి చేత్తో ఎత్తేవాడు కాదు. కొత్తగా చేరిన కుర్రకారు ఒక దవడని పట్టుకుని టకటకలాడిస్తూ మాట్లాడిస్తే మాత్రం ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చేది.

"అది ఒకరి నోరు బాబూ. దాంతో ఎవర్నో పిలిచారు, ఎవర్నో తిట్టారు, ఎవరికో జోల పాడారు. ముందు కింద పెట్టు, తరవాత నవ్వు."

కుర్రాడు కింద పెట్టేవాడు. తర్వాత నవ్వు రాదు గదా మరి.

ఆయన్ని అన్ని ఏళ్ళూ ఆ స్టూలు మీద కూర్చోబెట్టింది జీతం కాదు. ఆ జీతం సంగతి అడిగితే ఆయనే నవ్వేవాడు. కూర్చోబెట్టింది ఒక సొరంగం. కింది దవడ వెనకభాగంలో, చెవికి కిందుగా, లోపలివైపు ఒక రంధ్రం ఉంటుంది. దాన్ని ఆయన వెనక గుమ్మం అనేవాడు. మెదడు నుంచి దిగి వచ్చిన నరం ఆ గుమ్మంలో దూరి, ఎముక లోపలే అగ్గిపుల్ల కన్నా కాస్త లావుపాటి సొరంగంలో, పళ్ళ వేళ్ళ కిందుగా నడుస్తుంది. దారిలో ఒక్కో పంటికీ ఒక్కో పోగు పంపుతుంది. గడ్డానికి కాస్త ఇవతల, దవడ బయటి వైపు ఉన్న ముందు గుమ్మంలోంచి బయటికొచ్చి, కింది పెదవి మీదా గడ్డం మీదా పరుచుకుంటుంది. పెదవిని కదిలించడం దాని పని కాదు. అది వేరే నరం చూసుకుంటుంది. దీని పని తెలియజెప్పడం. చల్లన, వేడి, మెత్తన, గరుకు, ముద్దు, ముల్లు, ఏది తగిలినా మనిషికి కబురు ఈ సొరంగంలోంచే వెళ్ళాలి.

"రాయి లాంటి ఎముక, దాని కడుపులో వెన్న లాంటి నరం. ఎవరు తవ్వారయ్యా ఈ దారి?" అని ప్రతి ఏడూ కొత్త విద్యార్థుల ముందు ఆయన ఆశ్చర్యపోయేవాడు. నటన కాదు. నిజంగానే ఏటేటా కొత్తగా ఆశ్చర్యపోయేవాడు. కొందరికి అలాంటి వరం ఉంటుంది.

ఆ దారి విద్యార్థుల కళ్ళకి కనబడాలని ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఎర్ర రంగు వేసిన రాగి తీగని వెనక గుమ్మంలోంచి తోసి, ముందు గుమ్మంలోంచి బయటికి తీసేవాడు. చాలా దవడల్లో తీగ సాఫీగా వచ్చేసేది. కొన్నింట్లో మాత్రం ముందు గుమ్మం దాటిపోయి, లోపల ఎక్కడో టక్కున ఆగేది. అలాంటప్పుడు ఆయన తీగని కాస్త వెనక్కి లాగి, కొక్కెం సూదితో గుమ్మంలోంచి అందుకుని, అడ్డొచ్చిన పల్చటి ఎముక గోడని సూదిమొనతో కొంచెం గీకి, తీగని నేరుగా బయటికి తెచ్చేవాడు. "అక్కడ ఎముక లోపల డొల్ల ఉంటుంది, తీగ అందులో పడింది, అంతే" అని చెప్పేవాడు. తీగ చక్కగా వంపు తిరిగి బయటికొచ్చి, చూడముచ్చటగా ఉండేది. పరీక్షల్లో ఆ దవడలే పెట్టేవారు. దాదాపు నాలుగు దశాబ్దాల దంత వైద్యులు నరం దారిని బాబాయ్ తీగ పట్టుకునే నేర్చుకున్నారు.

ఇంటి దగ్గర బాబాయ్‌కి ఇంత మర్యాద లేదు. ఇంట్లో రాజ్యం ఆయన భార్యది. ఇంటి ముందు గదిలో ఆవిడ కుట్టు మిషను. చిరిగిన జేబులు, ఊడిన జిప్పులు, పొట్టి అయిన లాగూలు అన్నీ ఆవిడ దగ్గరికే వచ్చేవి. ఆరేళ్ళుగా ఆవిడ చూపు మసకబారింది. ఆపరేషనుకి లొంగే మసక కాదన్నారు కంటి డాక్టర్లు. మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. గుడ్డ తెలుస్తుంది, కుట్టు తెలియదు. ఇంకెవరైనా అయితే మిషను మీద దుప్పటి కప్పేసేవారు. ఆవిడ కప్పలేదు. పని కళ్ళ నుంచి తీసి పెదవికి అప్పజెప్పింది.

సూది బెజ్జాన్ని కింది పెదవి కుడి పక్కన ఆనించేది. బెజ్జం ఎటు తిరిగి ఉందో పెదవి చెప్పేది. తడిపిన దారం కొసని పెదవి మీదుగా తోస్తే, అది దూరిందీ లేనిదీ పెదవికే తెలిసేది. కుట్టిన వరసని కూడా పెదవికి రాసి చూసేది. ఒక్క కుట్టు వదులైనా ఆవిడకి దొరికిపోయేది. "అక్కయ్యగారికి కళ్ళు పెదవి మీద ఉన్నాయి" అని వీధిలో అందరూ అనేవారు. నిజమే అన్నారు.

నలభై ఏళ్ళు దారం పంటితో తెంపితే పన్ను ఊరుకుంటుందా? ఒకరోజు కుడివైపు కోరపన్ను పక్కనున్న కింది పన్ను నిలువునా చీలింది. తీసేశారు. పెట్టుడు పన్ను ఒకటి ఇచ్చారు గానీ, దాని కొక్కెం పెదవికి లోపల్నుంచి ఒరుసుకుని, సూది ఆనిస్తే తప్పుడు కబుర్లు చెప్పేది. ఆవిడ విసిగిపోయి దాన్ని గుండీల డబ్బాలో పడేసింది. కోటు గుండీ వెతుక్కోవడానికి వచ్చిన ఒకావిడ చేతికి ఆ పన్ను తగిలి, ఆవిడ వేసిన కేకకి పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

"ఇంప్లాంట్ వేయిద్దాం" అన్నాడు బాబాయ్ ఆ సాయంత్రం. "ఎముకలో చిన్న స్క్రూ దింపి, దాని మీద పన్ను కడతారు. కొక్కేలుండవు, ఒరుసుకోవు. నా దగ్గర చదువుకున్న పిల్లే, ఇప్పుడు పెద్ద డాక్టరు. చెయ్యి చాలా మంచిదోయ్."

"పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. పెట్టించుకోవడానికి మాత్రం మీ శిష్యురాలే కావాలా?" అంది ఆవిడ. కాసేపు మిషను చక్రం మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. తర్వాత గొంతు మార్చి అంది. "ఒక్క మాటండీ. పన్ను రాకపోయినా నాకు ఫర్వాలేదు. పెదవి పోకూడదు. పెదవి పోతే నేను గుడ్డిదాన్నయిపోతాను."

ఆ శిష్యురాల్ని కాలేజీలో ప్రశ్నల పిల్ల అనేవారు. పాఠం అయిపోయాక కూడా ఎముకల గదిలో కూర్చుని బాబాయ్ ప్రాణం తీసేది. ఒకసారి, తీగ గుమ్మం దాటి లోపల ఆగిపోతుంటే చూసి, "ఎందుకు ఆగింది బాబాయ్?" అని అడిగింది. డొల్ల అని చెప్పాడు. "మరి డొల్ల ఎప్పుడూ అక్కడే ఎందుకుంటుంది?" అని మళ్ళీ అడిగింది. ఆ రోజు ఆయనకి పని తొందర. "కొన్నింటికి ఎందుకు అనేది ఉండదమ్మా" అని నోరు మూయించాడు. ఆ పిల్ల ఊరికే వదలదు గానీ, ఆ రోజెందుకో వదిలేసింది.

ఇప్పుడు ఆ పిల్లకి సొంత క్లినిక్కు, నెరుస్తున్న జుట్టు, ముక్కు మీద కళ్ళద్దాలు. బాబాయ్‌ని చూడగానే లేచి నిలబడింది. పిన్నిగారి చెయ్యి పట్టుకుని తనే కుర్చీలో కూర్చోబెట్టింది. స్కాన్ తీయించి, కంప్యూటరు తెర బాబాయ్ వైపు తిప్పింది.

బాబాయ్ వేలసార్లు దవడలు చేతపట్టిన మనిషి. కానీ ఆ దవడల తాలూకు మనుషుల్ని ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు తెర మీద తెల్లగా, మచ్చలేకుండా, గాలిలో తేలుతున్నట్టు ఒక దవడ తిరుగుతోంది. దాని తాలూకు మనిషి పక్క కుర్చీలో కూర్చుని, "ఎంతసేపండీ, ఇంటి దగ్గర రెండు జిప్పులు మిగిలాయి" అంటోంది. ఆ జిప్పుల మాటకి తెర మీది ఎముకే కదిలిందని ఆయనకి అనిపించింది. ముప్పై ఎనిమిదేళ్ళు పక్కపక్కన బతికిన మనిషి లోపల ఇంత అందమైన వస్తువు ఉందని తనకి ఇవాళే తెలిసిందని సిగ్గుపడ్డాడు.

"ఇదిగో బాబాయ్, మీ తీగ" అంది డాక్టరమ్మ. మౌసుతో ఒక్కో చుక్కా పెట్టుకుంటూ నరం దారిని ఎర్ర గీతగా గీసింది. "వెనక గుమ్మం. ఇలా పళ్ళ కిందుగా. ఇదిగో ముందు గుమ్మం. ఇక్కడితో నరం బయటికెళ్ళిపోయింది. మనం స్క్రూ పెట్టేది గుమ్మానికి ముందు. అక్కడంతా ఉత్త ఎముకే. పన్నెండు మిల్లీమీటర్లు హాయిగా దింపొచ్చు. నరానికి రెండు మిల్లీమీటర్ల దూరం పాటించాలి, మనకి అంతకన్నా ఎక్కువే ఉంది."

డాక్టరమ్మ రొట్టె ముక్కలు కోసినట్టు దవడని అడ్డంగా పల్చటి ముక్కలుగా తెర మీద చూపిస్తూ ముందుకి జరుపుతోంది. గుమ్మం దాటింది. గుమ్మం దాటిన తర్వాత ముక్కలో, ఎముక మధ్యలో, చిన్న నల్ల చుక్క. తర్వాత ముక్కలో కూడా అదే చుక్క. ఆ తర్వాత ముక్కలో కూడా.

"అదేంటమ్మా?" అన్నాడు బాబాయ్.

"డొల్ల బాబాయ్. మీరే చెప్పారుగా."

బాబాయ్ తెరకి దగ్గరగా వంగాడు. నల్ల చుక్క చుట్టూ వెంట్రుకంత తెల్లటి అంచు ఉంది. ఎముకలో డొల్లకి అంచుండదు. అది స్పంజిలో కన్నం లాంటిది, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియదు. చుట్టూ గట్టి గోడ కట్టుకునేది సొరంగం ఒక్కటే. ఆ సంగతి ఆయనకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ కాలేజీలో లేరు.

చెప్పొచ్చు. నోరు తెరిచాడు కూడా. కానీ ఏమని చెబుతాడు? తను అటెండరు, ఆవిడ డాక్టరు. పైగా ఆవిడకి ఆ డొల్ల కథ నేర్పింది తనే. నీళ్ళు నమిలి ఊరుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నానికి ఆపరేషను పెట్టారు.

మర్నాడు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందే, ఎముకల గది తలుపు తెరిచాడు. జేబులో భార్య పెట్టెలోంచి తెచ్చిన దారపుండ ఉంది, పూసలు గుచ్చే సన్నటి నైలాన్ దారం. రాగి తీగ మొండిది, తను అనుకున్న వైపే పోతుంది. నైలాన్ దారం దారి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. తీగ వేయని దవడలు ఇరవై రెండున్నాయి. అన్నిటినీ బల్ల మీద వరసగా పెట్టాడు.

మొదటి దవడలో దారం నేరుగా వచ్చింది. రెండోదీ అంతే. ఆయన ఊపిరి కాస్త తేలికపడింది. మూడోదాంట్లో దారం ముందు గుమ్మం దగ్గరికి వచ్చినట్టే వచ్చి, కనబడకుండా ముందుకెళ్ళిపోయింది. ఆయన తొందరపడలేదు. వేళ్ళ మధ్య దారాన్ని మెల్లగా దొర్లిస్తూ, ఇంకొంచెం, ఇంకొంచెం తోశాడు. ఆగింది. వణికింది. తర్వాత ముందు గుమ్మంలోంచి దారం కొస తొంగి చూసింది. అది ముందుకి చూడటం లేదు. వెనక్కి చూస్తోంది.

మనుషుల దవడలో ముందు గుమ్మం నోరు ఎప్పుడూ వెనక్కీ పైకీ తిరిగి ఉంటుంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాడు. ఎందుకని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ దవడనే తీసుకుని, సన్న రంపంతో గుమ్మం దగ్గర నిలువునా కోశాడు. ఎముకకి బాధ లేదని తెలిసినా కోసినంతసేపూ పెదవి కొరుక్కుంటూనే ఉన్నాడు. రెండు చెక్కలూ విడదీసి, భూతద్దం పెట్టి చూశాడు.

సొరంగం తన గుమ్మాన్ని దాటి నాలుగు మిల్లీమీటర్లు ముందుకి పోయింది. అక్కడ నున్నగా, గోడలతో సహా, గుండ్రంగా మలుపు తిరిగింది. వెనక్కి వచ్చి, పైకెక్కి, అప్పుడు గుమ్మంలోంచి బయటపడింది. ఇంటి ముందునుంచే వెళ్ళిపోయి, ఏదో గుర్తొచ్చి తిరిగొచ్చి తలుపు తట్టిన మనిషిలాగా ఉంది ఆ దారి. ఎంత నున్నటి మలుపది! గింజంత చోటులో, ఎవరూ చూడని చీకట్లో, ఒక్క గరుకు లేకుండా. బాబాయ్ స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఆయనకి ముందు భయం వేయలేదు, తప్పు చేశానని బాధ కూడా వేయలేదు. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది, అంతే. పెట్టాడు కూడా.

ఇరవై రెండింట్లో తొమ్మిది దవడలు అలా మలుపు తిరిగాయి. కొన్నింట్లో ఒక మిల్లీమీటరు, ఒకదాంట్లో అయిదు.

తర్వాత తీగ వేసిన పాత దవడ ఒకటి చేతిలోకి తీసుకుని భూతద్దం పెట్టాడు. గుమ్మం లోపల తన సూదిమొన గీతలు కనబడ్డాయి. దేవుడు కట్టిన గోడని తను గీకి, మలుపుని కొట్టేసి, అడ్డదారి వేశాడు. చూడముచ్చటగా ఉండాలని. ఆ అడ్డదారినే నాలుగు దశాబ్దాల పిల్లలకి అసలు దారని నేర్పాడు. అప్పుడొచ్చింది బాధ.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మెతుకు కెలుకుతున్నాడు. ఆవిడకి మొహం కనబడకపోయినా మౌనం వినబడుతుంది.

"ఏమైంది?"

చెప్పాడు. మొదట తలకిందులుగా చెప్పి, తర్వాత సరిగ్గా చెప్పాడు. నీ దవడలో కూడా ఆ చుక్క ఉంది, ఆ చుక్క నరమేమో, పన్నెండు మిల్లీమీటర్లు దింపితే దాని నెత్తిన పడుతుందేమో అన్నాడు. నిన్ననే నోరు తెరవాల్సిందన్నాడు.

ఆవిడ చేత్తో తన కింది పెదవిని తడుముకుంది.

"నిన్న అక్కడే ఉన్నాను కదండీ, మీ పక్కనే. నాతో కూడా అనలేదే?"

"సిగ్గేసింది."

"ఎవరిముందు? నా ముందా? ముప్పై ఎనిమిదేళ్ళుగా నేను చెప్పిన ప్రతి మాటా తప్పని తేల్చిన మనిషి, మీది తప్పని చెప్పడానికి నోరు రాలేదా?" గొంతు కోపంగా మొదలై మధ్యలో మెత్తబడింది. "రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పండి. ఎముక కూడా పట్టుకెళ్ళండి. మాటైతే మీరు మింగేస్తారు, ఎముకనైతే మింగలేరుగా."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. బాబాయ్ ఆ మాట అనుకుంటూనే, కోసిన దవడని మెత్తటి గుడ్డలో చుట్టుకుని క్లినిక్కుకి వెళ్ళాడు. డాక్టరమ్మ అప్పుడే తెల్లకోటు వేసుకుంటోంది. ఆయన గుడ్డ విప్పి రెండు చెక్కలూ బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, నువ్వు ఆ రోజు అడిగిన ప్రశ్నకి నేను అబద్ధం చెప్పాను. తెలిసి కాదు. అయినా అబద్ధమే. అది డొల్ల కాదు. దారి."

ఆవిడ భూతద్దం పట్టుకుంది. ఒకసారి చూసి తల ఎత్తింది. మళ్ళీ చూసింది.

"పుస్తకంలో ఉంది బాబాయ్ ఇది" అంది మెల్లగా. "చదివాను. పరీక్షలో రాశాను కూడా. కానీ చేత్తో పని చేసేటప్పుడు నా కళ్ళ ముందు ఎప్పుడూ మీ తీగే ఉంటుంది."

బాబాయ్‌కి అంతకన్నా పెద్ద శిక్ష ఎవరూ వేయలేరు. తల వంచుకుని నిలబడ్డాడు. ఆవిడ ఆయన్ని ఓదార్చలేదు, తిట్టనూ లేదు. కంప్యూటరు ముందు కూర్చుని ఎర్ర గీత మొత్తం చెరిపేసి, వెనక గుమ్మం నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. నల్ల చుక్కని పట్టుకుని ముక్క తర్వాత ముక్కగా ముందుకెళ్ళింది. ఎనిమిదో ముక్కలో చుక్క సాగి కోడిగుడ్డు ఆకారమైంది. తర్వాత లేదు. అక్కణ్ణుంచి వెనక్కి వస్తే, పైన ఇంకో చుక్క, గుమ్మం వైపు ఎక్కుతూ కనబడింది. తెర మీద ఎర్ర గీత మలుపు తిరిగి బయటికొచ్చింది. మొన్న గీసిన పన్నెండు మిల్లీమీటర్ల స్క్రూ బొమ్మని దాని పక్కన పెట్టింది. స్క్రూ మొన ఎర్ర గీత మధ్యలోకి దిగింది.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని మళ్ళీ తుడుచుకుంది.

"ఎనిమిది మిల్లీమీటర్ల స్క్రూ పెడదాం" అంది చివరికి. "కాస్త ముందుకి జరిపి. డ్రిల్లు మొన కొలత కన్నా ఒక మిల్లీమీటరు దాకా కిందికి దిగుతుంది, అది కూడా కలుపుకుని లెక్కేద్దాం. డ్రిల్లుకి అడ్డు బిళ్ళ వేస్తాను, అంతకన్నా ఒక్క వెంట్రుక కూడా దిగదు."

తర్వాత ఆవిడ ఆ కోసిన దవడని ఫొటో తీసి, తనతో చదువుకున్న డాక్టర్లందరికీ ఫోనులో పంపింది. బాబాయ్ తీగ ఎక్కడ తప్పో రాసింది. బాబాయే చూపించాడని కూడా రాసింది. జవాబులు టపటపా పడ్డాయి. ఒక జవాబు మాత్రం ఆవిడ పైకి చదివింది: "నాలుగేళ్ళ కిందట నా పేషెంట్ ఒకాయనకి పెదవి మొద్దుబారిపోయింది. ఎందుకో ఇవాళ తెలిసింది." ఆ మాట విన్నాక బాబాయ్ తిన్నగా కాలేజీకి వెళ్ళి, ఆపరేషను టైముకి ముందే తీగ వేసిన యాభై దవడలకీ దారంతో ఒక్కో చీటీ కట్టాడు. "ఈ తీగ తప్పు. దారి ముందుకి పోయి తిరిగి వస్తుంది" అని తన చేత్తోనే యాభైసార్లు రాశాడు.

ఆపరేషను నలభై నిమిషాలు పట్టింది. బాబాయ్‌కి టోపీ, మాస్కు కట్టి ఒక మూల నిలబెట్టారు. మత్తు సూది వేశాక డాక్టరమ్మ చిగురు కోసి ఎముక బయటపెట్టింది. సజీవమైన ఎముక తెల్లగా ఉండదు, లేత గులాబీ రంగులో ఉండి చెమరుస్తుంది. ఆ సంగతి ఆయన ఎన్నోసార్లు విన్నాడు, చూడటం అదే మొదలు. డ్రిల్లు నీళ్ళు చిమ్ముతూ దిగింది. అడ్డు బిళ్ళ ఎముకకి తగిలి ఆగింది. కొలత పుల్ల పెట్టి ఎక్స్‌రే తీశారు. పుల్ల మొనకీ నరం మలుపుకీ మధ్య ఎక్స్‌రేలో తెల్లటి ఎముక కనబడింది. డాక్టరమ్మ బాబాయ్ వైపు చూసింది. ఆయన తల ఊపాడు. అప్పుడు స్క్రూ బిగించింది.

అంతా బాగానే జరిగింది. కానీ బాగా జరిగిందని పెదవి చెప్పాలి. మత్తు దిగేదాకా పెదవి ఏమీ చెప్పదు. మూడు గంటలో, నాలుగు గంటలో. క్లినిక్కు పక్కగదిలో బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. కిటికీలోంచి ఎండ నేల మీద పడి, మెల్లగా గోడవైపు జరుగుతోంది.

"సగం మొహం పొరుగింటివాళ్ళదిలా ఉంది" అంది ఆవిడ మూతి ఒక పక్కకి పెట్టి. రెండు గంటలు గడిచాక కూడా అదే అంది. మూడు గంటలు గడిచాక ఏమీ అనలేదు. అప్పుడు బాబాయ్‌కి భయం పట్టుకుంది. మనిషి చెయ్యి మలుపుని కొలవగలదు, ఎముకని కొలవగలదు. నరం లోపల ఏం జరిగిందో ఎవరు కొలిచారు? డ్రిల్లు వేడి తగిలి ఉంటే? వాపు వచ్చి నొక్కి ఉంటే? ఎనిమిది కూడా ఎక్కువై ఉంటే?

డాక్టరమ్మ ఒకసారి వచ్చి దూది పోగుతో గడ్డం మీద రాసింది. "ఏమైనా తెలిసిందా పిన్నీ?"

"లేదమ్మా."

"టైముంది" అని వెళ్ళిపోయింది. కానీ తలుపు దగ్గర ఒక క్షణం ఆగి వెళ్ళింది. బాబాయ్ అది చూశాడు.

నాలుగో గంట కూడా సగం గడిచింది. ఆవిడ గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందో, ఏడుపు ఆపుకుంటోందో ఆయనకి తెలియలేదు. నేను నీకు చెప్పాల్సింది నిన్న కాదు, మొన్న కాదు, ముప్పై ఏళ్ళ కిందట ఆ తీగ ఆగినప్పుడే తెలుసుకోవాల్సింది అని చెబుదామనుకున్నాడు. దానికి బదులు చెయ్యి చాపి, ఊపిరి బిగబట్టి, చూపుడు వేలిని ఆవిడ కింది పెదవి కుడి పక్కన, దుమ్ము వాలినంత మెల్లగా ఆనించాడు.

ఆవిడ కదల్లేదు. కళ్ళు తెరవలేదు. ఆయన వేలు తీయబోయాడు.

"మీ వేలు వణుకుతోందండీ" అంది ఆవిడ.

అంత పెద్దమనిషీ, క్లినిక్కు గోడలు వినేలా, పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. వేలు మాత్రం తీయలేదు.